బొగ్గుకి లేని గుణం గ్రాఫీన్‌కి ఎక్కడినుంచి వచ్చింది? సెమినార్‌లో ఇరుక్కుపోయాను

మహేంద్రతనయ:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది. బళ్లో అంతా ఒడియా మీడియమే. తెలుగు మా నాన్నమ్మ దగ్గరా, పక్కనే ఉన్న పాతపట్నం నుంచి వచ్చే పేపర్లోనూ నేర్చుకున్నాను. ఒత్తులు తప్పితే సర్దుకోండి.

మా సెమినార్ టాపిక్‌లు చీటీలు తీసి పంచారు. నా పక్కనున్న అమ్మాయికి సోలార్ సెల్ వచ్చింది. నాకు వచ్చింది ఇది: పొరలు పొరలుగా పేర్చిన గ్రాఫీన్‌లో కరెంటుని స్పిన్ ధ్రువణంగా మార్చడం. (గ్రాఫీన్ అంటే ఒక్క పరమాణువు మందం కార్బన్ రేకు. స్పిన్ అంటే ప్రతి ఎలక్ట్రాన్‌లో ఉండే బుల్లి అయస్కాంతం లాంటి గుణం. అవి ఒక దిక్కుకి ఎక్కువగా తిరిగి ఉంటే ధ్రువణం.) ఇరవై రోజులు కూర్చుని చదివాను. తొమ్మిది స్లైడ్లు చేశాను. మొన్న శుక్రవారం రిహార్సల్ అయింది. బయటినుంచి వచ్చిన ఒక సార్ అంతా విని ఒక్కటే అడిగారు.

"గ్రాఫీన్ అంటే కార్బనే కదమ్మా, అంటే బొగ్గే. కార్బన్‌కి స్పిన్-ఆర్బిట్ కప్లింగ్ (ఎలక్ట్రాన్ కదలికకీ దాని స్పిన్‌కీ ఉండే ముడి) దాదాపు లేదు, అందుకే అందులో స్పిన్ చాలా దూరం చెడకుండా పోతుంది అని రెండో స్లైడ్‌లో చెప్పావు. అదే గ్రాఫీన్ స్పిన్-ఆర్బిట్ కప్లింగ్ వల్ల కరెంటుని స్పిన్‌గా మారుస్తుంది అని ఐదో స్లైడ్‌లో చెప్పావు. ఈ రెండింట్లో ఏది అబద్ధం?"

నా నోట మాట లేదు. పక్క పొర నుంచి వస్తుంది అని గొణిగాను. "ఎలా వస్తుంది, నడిచి వస్తుందా?" అన్నారు. అందరూ నవ్వారు. అసలు సెమినార్ ఇంకో పది రోజుల్లో ఉంది.

నాకు తేలాల్సినవి ఇవి. పై ప్రశ్నకి జవాబు. తర్వాత, రష్బా-ఎడెల్‌స్టైన్ ఎఫెక్ట్, స్పిన్ హాల్ ఎఫెక్ట్ అని రెండు పేర్లు వస్తున్నాయి, చివరికి రెండూ స్పిన్నే ఇస్తున్నప్పుడు తేడా ఏమిటి? ఇంకొకటి, మీటర్ మీద కనిపించేది వోల్టేజి మాత్రమే కదా, అది స్పిన్ వల్ల వచ్చిందే అని ఎలా నమ్ముతారు? సూత్రాలు పుస్తకంలో ఉన్నాయి, అవి కాదు నాకు కావలసింది. కళ్లు మూసుకుంటే కనబడేలా ఎవరైనా చెప్పగలరా?


సోంపేట కుర్రోడు:

ఇంత టెన్షన్ ఎందుకండీ? కోబాల్ట్ లాంటి అయస్కాంత లోహం నుంచి గ్రాఫీన్‌లోకి కరెంటు పంపిస్తే స్పిన్ దానంతట అదే వస్తుంది. అయస్కాంతంలో ఒక దిక్కు స్పిన్నులు ఎక్కువగా ఉంటాయి కాబట్టి. సార్‌కి అదే చెప్పేయండి.


పడుగుపేక:

సోంపేట తమ్ముడూ, నువ్వు చెప్పింది నిజమే గానీ చెల్లి అడిగింది అది కాదు. కోబాల్ట్ నుంచి ఎక్కించడం అంటే స్పిన్‌ని బయట కొనుక్కొచ్చుకోవడం. 2007లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో వాన్ వీస్ బృందం చేసింది అదే. కోబాల్ట్‌తో ఎక్కించి, గది ఉష్ణోగ్రత దగ్గరే గ్రాఫీన్‌లో ఒకటిన్నర, రెండు మైక్రాన్ల దాకా స్పిన్ బతికి ఉండడం చూపించారు. ఈ చీటీలో వచ్చిన టాపిక్ వేరు. ఇక్కడ అయస్కాంతం లేకుండా, ఉత్త కరెంటు నుంచే స్పిన్ పుట్టాలి. అయస్కాంతం ఉంటే అది కొలవడానికే.

మహేంద్రతనయ చెల్లీ, 'నువ్వు' అంటున్నానని ఏమీ అనుకోకు, మన వైపు వాళ్లమే. మాది బరంపురం, దేరా వీధి. నాన్న పట్టు మగ్గం మీద కుంభాల అంచు నేసేవారు. నేను వేరే రాష్ట్రంలో గ్రాఫీన్ మీదే పీహెచ్‌డీ చేస్తూ, ఠాకురాణీ యాత్రకని ఇంటికొచ్చాను. వీధంతా డప్పులు. మేడ మీద కూర్చుని రాస్తున్నాను, మధ్యలో తెగితే మళ్లీ ముడేస్తాను.

ముందు సార్ ప్రశ్న. ఏదీ అబద్ధం కాదు. నీ రెండో స్లైడూ ఐదో స్లైడూ ఒకే గ్రాఫీన్‌లో వేరు వేరు చోట్ల గురించి చెబుతున్నాయి, ఆ మాట నువ్వు చెప్పలేదు, అంతే. అసలు డివైస్ ఎలా ఉంటుందో చూడు. గ్రాఫీన్‌ని కూడలి ఆకారంలో కోస్తారు. పొడుగ్గా ఒక దారి, దానికి అడ్డంగా ఒక చిన్న సందు. ఆ కూడలి మీద మాత్రమే ఇంకో పదార్థం ముక్క పరుస్తారు, టంగ్‌స్టన్ డైసల్ఫైడో, టంగ్‌స్టన్ డైసెలెనైడో, మాలిబ్డినం డైసల్ఫైడో. మిగతా దారంతా ఉత్త గ్రాఫీన్. కప్పిన చోట స్పిన్ పుడుతుంది, కప్పని చోట అది ప్రయాణిస్తుంది. పుట్టించే గుణమూ, మోసే గుణమూ ఒకే రేకులో పక్కపక్కన ఉంటాయి. ఈ రంగంలో వాళ్లకి గ్రాఫీన్ అంటే అంత మోజు అందుకే.

ఇక 'నడిచి వస్తుందా' అన్నది. వెక్కిరింతగా అన్నా మంచి ప్రశ్న. స్పిన్-ఆర్బిట్ అంటే, ఎలక్ట్రాన్ కేంద్రకం పక్కనుంచి దూసుకెళ్తున్నప్పుడు అక్కడి విద్యుత్ క్షేత్రం దానికి అయస్కాంత క్షేత్రంలా తగులుతుంది, దాని స్పిన్ ఆ క్షేత్రానికి లొంగుతుంది. కేంద్రకం బరువైనదైతే ఆ దెబ్బ గట్టిగా ఉంటుంది. కార్బన్ పరమాణు సంఖ్య 6. టంగ్‌స్టన్‌ది 74. ఉత్త గ్రాఫీన్‌లో ఈ కప్లింగ్ మైక్రో ఎలక్ట్రాన్‌వోల్టుల్లో, పదుల్లో మాత్రమే ఉంటుంది. టంగ్‌స్టన్ డైసెలెనైడ్ ఒకే పొరగా ఉన్నప్పుడు దాని వేలెన్స్ బ్యాండు (బ్యాండు అంటే ఎలక్ట్రాన్లు ఉండగలిగే శక్తుల వరస) స్పిన్‌ని బట్టి రెండుగా చీలుతుంది. ఆ చీలిక దాదాపు 0.46 ఎలక్ట్రాన్‌వోల్టు. అంటే రెండింటికీ మధ్య పదివేల రెట్ల తేడా.

ఇప్పుడు ఈ రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టు. మధ్య ఎడం నానోమీటరులో మూడో వంతు. జిగురు లేదు, రసాయన బంధం లేదు. కానీ గ్రాఫీన్ ఎలక్ట్రాన్ తరంగం ఆ రేకు దగ్గరే ఆగిపోదు, కాస్త పక్క పొరలోకి చొరబడి టంగ్‌స్టన్ ఆర్బిటల్స్‌ని తాకి వస్తుంది. ఆ ఎలక్ట్రాన్ కాలంలో కొద్ది పాలు బరువైన కేంద్రకం దగ్గర గడుస్తుంది. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మనవాళ్లు అనేది ఊరికే కాదు. ఫలితంగా గ్రాఫీన్‌కి ఒక మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టు అటూ ఇటూగా స్పిన్-ఆర్బిట్ అంటుకుంటుంది. మా ఇంట్లో తెల్ల పంచెని ఎర్ర పట్టు పక్కన మడిచి పెట్టెలో పెడితే అమ్మ కేకలేసేది, వర్షాకాలం వచ్చేసరికి పంచె గులాబీ రంగుకి తిరిగేదని. పంచె నేత మారలేదు, నూలు మారలేదు, రంగు మాత్రం అంటింది. గ్రాఫీన్ కూడా గ్రాఫీన్‌లాగే ఉంటుంది, ఎలక్ట్రాన్లు అంతే వేగంగా పరిగెడతాయి.

కిందికి వెళ్లొస్తాను, పిలుస్తున్నారు.


పడుగుపేక:

వచ్చాను. ఇప్పుడు రష్బా-ఎడెల్‌స్టైన్.

గ్రాఫీన్ ఒక్కటే ఉంటే దానికి పైనా కిందా ఒకటే. పైన ఇంకో పొర పెట్టగానే పైకీ కిందికీ తేడా వచ్చేసింది. ఆ తేడా నిలువుగా ఒక విద్యుత్ క్షేత్రంలా పనిచేస్తుంది. అందులో పరిగెత్తే ఎలక్ట్రాన్‌కి రేకు తలంలోనే, తన దారికి లంబంగా ఒక అయస్కాంత క్షేత్రం తగులుతుంది. కాబట్టి దాని స్పిన్ ఎప్పుడూ తను వెళ్లే దిక్కుకి పక్కగా నిలబడుతుంది.

యాత్ర గుంపునే ఊహించుకో. మా వీధి తూర్పు పడమరలుగా ఉంది అనుకో. నడిచే ప్రతి మనిషీ ఎడమ చేతిలో దీపం పట్టుకోవాలని నియమం. తూర్పుకి నడిచేవాడి దీపం ఉత్తరం వైపు, పడమరకి నడిచేవాడి దీపం దక్షిణం వైపు ఉంటుంది. అటూ ఇటూ నడిచేవాళ్లు సమానంగా ఉంటే వీధికి రెండు వైపులా వెలుతురు సమానం. ఇప్పుడు జనం తూర్పుకి ఒక్క తోపు తోశారు. తూర్పుకి వెళ్లేవాళ్లు ఎక్కువయ్యారు, ఉత్తరం గోడ మీద వెలుగు పెరిగింది. ఎవరూ దీపం చేయి మార్చలేదు. కరెంటు అంటే ఆ తోపు. వెలుగులో ఆ తేడానే స్పిన్ ధ్రువణం. 1990లో ఎడెల్‌స్టైన్ లెక్క కట్టింది ఇదే.

అయితే ఇక్కడ ఒక కిటుకు ఉంది, చాలామంది దీన్ని ఎగరగొట్టేస్తారు. గ్రాఫీన్‌లో రెండు రకాల జనం ఉంటారు. ఒక బ్యాండు వాళ్లు దీపం ఎడమ చేత్తో, రెండో బ్యాండు వాళ్లు కుడి చేత్తో పట్టుకుంటారు. రెండు వెలుగులూ చాలావరకు కొట్టేసుకుంటాయి, మిగిలిన కాస్త తేడానే మనం కొలుస్తాం. గేట్ వోల్టేజితో (పక్కనున్న ఎలక్ట్రోడ్‌కి ఇచ్చే వోల్టేజి) ఎలక్ట్రాన్ల సంఖ్య బాగా తగ్గించి, న్యూట్రల్ పాయింట్ (ఎలక్ట్రాన్లూ, వాటి ఖాళీలైన హోల్సూ సమానమయ్యే చోటు) దగ్గరికి తెస్తే ఒక ఇరుకు సందు వస్తుంది (డివైస్‌లోని సందు కాదు, ఎలక్ట్రాన్ శక్తుల్లో చిన్న మేర). అక్కడ ఒక రకం జనమే మిగులుతారు, కొట్టేసుకోవడానికి ఎదుటివాడు ఉండడు. ఆ ఇరుకు సందులో ఈ మార్పిడి చాలా బలంగా ఉంటుందని 2017లో ఒఫిదానీ, ఫెరేరా వాళ్లు లెక్కతో చూపించారు. అసలు డివైస్‌లో ఆ సందుని పట్టుకోవడం కష్టం. అడుగున ఉన్న సిలికాన్ డయాక్సైడ్‌లో చిక్కుకున్న చార్జీల వల్ల ఎలక్ట్రాన్ల సంఖ్య ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. చెరువు అడుగు ఎత్తుపల్లాలుగా ఉంటే నీళ్లు ఎంత తోడినా గుంటల్లో మిగులుతాయే, అలాగన్నమాట.

గేట్‌ని న్యూట్రల్ పాయింట్ దాటించి హోల్స్ వైపుకి తీసుకెళ్తే సిగ్నల్ గుర్తు తిరగబడుతుంది. ఏ లోహంలోనూ ఇంత సులువుగా ఇది చేయలేరు. ఒక మీట నొక్కితే ఉత్తరం వెలుగు దక్షిణానికి పోయినట్టు. నాకు ఈ మొత్తం రంగంలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

స్పిన్ హాల్ వేరు. అందులో పై పొర ఇంకో గుణం ఇస్తుంది, దాన్ని వ్యాలీ-జీమన్ అంటారు. గ్రాఫీన్ బ్యాండుల్లో కే, కే-ప్రైమ్ అని రెండు లోయలు, అంటే ఎలక్ట్రాన్లు చేరే రెండు వేరు వేరు మొమెంటం చోట్లు, ఉన్నాయి కదా. ఒక లోయలో స్పిన్‌ని పైకీ, రెండో లోయలో కిందికీ లాగే గుణం అది. దాని వల్ల కరెంటు పోతుంటే పైకి చూసే స్పిన్నులు ఒక పక్కకీ, కిందికి చూసేవి రెండో పక్కకీ జరుగుతాయి. కరెంటు ఎటు పోయిందో దానికి అడ్డంగా స్పిన్ ప్రవాహం పుడుతుంది. గుర్తు పెట్టుకోవడానికి ఇదొక్కటి చాలు: ఎడెల్‌స్టైన్‌లో స్పిన్ రేకు మీద పడుకుని ఉంటుంది, పుట్టిన చోటే పోగవుతుంది, తర్వాత పక్కకి వ్యాపిస్తుంది. స్పిన్ హాల్‌లో స్పిన్ రేకు మీద నిటారుగా నిలబడుతుంది, పుట్టడమే పక్కకి ప్రవహిస్తూ పుడుతుంది.

పడుకున్న స్పిన్‌కీ నిలబడ్డ స్పిన్‌కీ ఆయుర్దాయం కూడా ఒకటి కాదు. కప్పిన చోట పడుకున్నవి కొన్ని పికో సెకన్లలో చెదిరిపోతాయి. నిలబడ్డవి దాదాపు పది రెట్లు ఎక్కువ బతుకుతాయి. కాబట్టి పై ముక్క మరీ వెడల్పుగా ఉంటే పుట్టిన స్పిన్ బయటికి రాకముందే పోతుంది. పుట్టించే గుణమే చంపుతుంది కూడా. సార్ మళ్లీ 'ఏది అబద్ధం' అంటే ఈ మాట ముందే చెప్పెయ్యి, ఆయన దగ్గర ఇంకో ప్రశ్న మిగలదు.


రాయగడ మేష్టారు:

పడుగుపేక బాబూ, బాగా చెప్పావు. నేను ముప్పై ఏళ్లకి పైగా ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. గ్రాఫీన్ నేను చదువుకునే కాలంలో లేదు. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నొవొసెలొవ్ సెలోఫేన్ టేపుతో గ్రాఫైట్ రేకులు ఊడదీసినప్పటికి నేను అప్పటికే సగం సర్వీసు దాటాను. మూడో ప్రశ్న, వోల్టేజి స్పిన్‌దే అని నమ్మడం ఎలా అన్నది, అది నా వయసువాడికి కూడా తగిన ప్రశ్న, కాబట్టి దూరుతున్నాను.

అమ్మా మహేంద్రతనయా, మీ ల్యాబులో హాల్ ఎఫెక్ట్ ప్రయోగం చేశావు కదా, జర్మేనియం ముక్కతో. కరెంటు పోతున్న ముక్కకి అయస్కాంత క్షేత్రం పెడితే రెండు పక్కల మధ్య వోల్టేజి పుట్టడమే హాల్ ఎఫెక్ట్. అయస్కాంతం స్విచ్ ఆపేసినా మీటర్ మీద వోల్టేజి చూపిస్తుంది. ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్లో పిల్లాడో పరుగెత్తుకొచ్చి "మేష్టారూ, అయస్కాంతం లేకుండానే హాల్ ఎఫెక్ట్ వచ్చేసింది" అనేవారు. అది హాల్ కాదు. రెండు పక్కల తీగలూ సరిగ్గా ఎదురెదురుగా అతకలేదు, అంతే. మందేమిటి? క్షేత్రం ఒక దిక్కుకి పెట్టి ఒకసారి కొలువు, తిప్పి ఇంకోసారి కొలువు, తేడాలో సగం తీసుకో. తిప్పితే తిరగబడేది హాల్, తిరగబడనిది దొంగ.

ఈ కొత్త ప్రయోగాల్లో కూడా ఆ పాత మందే వాడుతున్నారని చదివి నాకు భలే సంతోషమైంది. ఇక్కడ తిప్పేది కోబాల్ట్‌ని. మిగతాది పడుగుపేక చెప్పాలి, చేత్తో చేసినవాడు అతనే.

ఒక చిన్న మాట. నీ సెమినార్‌లో స్పిన్ కథ మొదలెడితే 1922లో స్టెర్న్, గెర్లాక్ దగ్గర మొదలెట్టు. వాళ్లు అయస్కాంతం గుండా పంపింది వెండి పరమాణువుల్ని. బరంపురం జరీలో మెరిసేదీ ఆ వెండే. ఆ పుంజం రెండుగా చీలింది, కానీ అది స్పిన్ అని అప్పటికి ఎవరికీ తెలియదు. ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ స్పిన్ అనే మాట తెచ్చింది 1925లో. ముందు కనబడింది, తర్వాత పేరొచ్చింది. స్పిన్ హాల్ సంగతి సరిగ్గా తిరగేసి జరిగింది. 1971లో లెనిన్‌గ్రాడ్‌లో ద్యాకొనోవ్, పెరెల్ ఇలా ఉండాలని కాగితం మీద రాశారు. కంటికి కనబడడానికి 2004 దాకా పట్టింది, కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో, గాలియం ఆర్సెనైడ్‌లో. మధ్యలో ముప్పైమూడేళ్లు. నా సర్వీసంత.


పడుగుపేక:

మేష్టారూ, నమస్కారం. వెండి సంగతి నాకు తట్టలేదు, ఇన్నాళ్లూ జరీ కండెలు చుట్టిన చేతులు పెట్టుకుని.

సరే, కొలత. చెల్లీ, నోట్‌బుక్ తీసి బొమ్మ వేసుకో, లేకపోతే ఇది బుర్రకెక్కదు. పొడుగు దారి తూర్పుకి. అడ్డ సందు ఉత్తర దక్షిణాలు. కూడలి కప్పి ఉంది. కరెంటు ఆ సందులో ఉత్తరానికి పంపుతాం. తూర్పుగా కొన్ని మైక్రాన్ల దూరంలో దారికి అడ్డంగా సన్నటి కోబాల్ట్ తీగ. తీగ పొడుగు ఉత్తర దక్షిణాలు కాబట్టి దాని అయస్కాంతత్వం కూడా ఉత్తరానికో దక్షిణానికో ఉంటుంది. కోబాల్ట్ తన దిక్కు స్పిన్నుల్నే చూడగలదు.

ఇప్పుడు చూడు తమాషా. ఎడెల్‌స్టైన్ స్పిన్ కరెంటుకి లంబంగా, అంటే తూర్పు పడమరల్లో పడుకుని ఉంది. స్పిన్ హాల్ స్పిన్ నిటారుగా ఉంది. కోబాల్ట్ చూసేది ఉత్తర దక్షిణాలు. క్షేత్రం లేనప్పుడు రెంటిలో ఒక్కటీ దానికి కనబడదు! స్పిన్‌ని తిప్పి దాని ముందుకు తేవాలి. దీన్ని హాన్లె పద్ధతి అంటారు. నిలువుగా క్షేత్రం పెడితే పడుకున్న స్పిన్ గిర్రున తిరిగి ఉత్తరానికి వస్తుంది, నిటారు స్పిన్ కదలదు. కాబట్టి నిలువు క్షేత్రంలో వచ్చే సిగ్నల్ ఎడెల్‌స్టైన్‌ది. క్షేత్రాన్ని తూర్పుకి పెడితే నిటారు స్పిన్ తిరిగి ఉత్తరానికి వస్తుంది, తూర్పుకి పడుకున్నది కదలదు. ఆ సిగ్నల్ స్పిన్ హాల్‌ది. (తూర్పు క్షేత్రం బాగా పెంచితే కోబాల్టే తూర్పుకి ఒరిగిపోయి ఎడెల్‌స్టైన్ స్పిన్‌ని నేరుగా చూస్తుంది, అది వేరే వంపుతో కనబడుతుంది.) 2019లో స్పెయిన్‌లోని శాన్ సెబాస్టియన్ వాళ్లు మాలిబ్డినం డైసల్ఫైడ్‌తోనూ, గ్రోనింగెన్ వాళ్లు టంగ్‌స్టన్ డైసల్ఫైడ్‌తోనూ, 2020లో బార్సిలోనా వాళ్లు మళ్లీ టంగ్‌స్టన్ డైసల్ఫైడ్‌తోనూ గది ఉష్ణోగ్రత దాకా దీన్ని విడదీసి చూపించారు. స్వీడన్‌లో చామర్స్ యూనివర్సిటీలో సరోజ్ ప్రసాద్ దాశ్ బృందం టోపలాజికల్ ఇన్సులేటర్ (లోపల కాకుండా పై తలంలోనే కరెంటు పోనిచ్చే పదార్థం) పక్కన పెట్టి చేసింది.

తిరగడం ఎంత వేగమంటే, 0.1 టెస్లా క్షేత్రంలో సెకనుకి 280 కోట్ల చుట్లు. ఒక చుట్టుకి 360 పికో సెకన్లు. స్పిన్ కోబాల్ట్ దాకా రావడానికి పట్టే కాలం కూడా ఈ లెక్కకి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టే ఈ పద్ధతి పనిచేస్తోంది.

ఇంకా దొంగలున్నారు. మేష్టారు చెప్పినట్టు కోబాల్ట్‌ని ఉత్తరం నుంచి దక్షిణానికి తిప్పితే స్పిన్ సిగ్నల్ తిరగబడాలి. అది మాత్రమే చూసి సంబరపడితే మోసపోతాం. కోబాల్ట్ అంచుల్లోంచి కారే క్షేత్రం గ్రాఫీన్‌లో మామూలు హాల్ వోల్టేజి పుట్టిస్తే అదీ తిరగబడుతుంది. కాబట్టి వంపు చూడాలి. హాన్లె సిగ్నల్ సున్నా దగ్గర మొదలై, పెరిగి, మళ్లీ తగ్గి సున్నాకి రావాలి, ఎందుకంటే క్షేత్రం ఎక్కువైతే ఒక్కో ఎలక్ట్రాన్ ఒక్కోలా తిరిగి అన్నీ చెదిరిపోతాయి. మామూలు హాల్ అయితే క్షేత్రంతో పాటు గీత గీసినట్టు పెరుగుతూనే పోతుంది.

నా అనుభవం చెప్తాను, నవ్వుకో. రెండో ఏడాదిలో నాకు అద్భుతమైన సిగ్నల్ వచ్చింది. మేం పంపేది పది మైక్రో ఆంపియర్లు, కొలిచేది నానోవోల్టుల్లో. నాకు ఎదురుచూసిన దానికంటే ముప్పై రెట్లు వచ్చింది. రాత్రి రెండింటికి నాన్నకి ఫోన్ చేశాను. ఆయనకి ఏమీ అర్థం కాలేదు, "ముడి ఎక్కడో పడి ఉంటుంది, పొద్దున్న చూసుకో" అన్నారు. పొద్దున్న చూశాను. కోబాల్ట్‌ని తిప్పినా సిగ్నల్ తిరగబడలేదు. కప్పిన ముక్క అంచు దగ్గర గ్రాఫీన్ చిరిగి ఉంది, కరెంటు సందులో పోకుండా పొడుగు దారిలోకి పొంగి పోతోంది. ఆ డివైస్ చేయడానికి ఐదు వారాలు పట్టింది. ఆ వారమంతా ఎవరితోనూ మాట్లాడలేదు.


మహేంద్రతనయ:

అన్నయ్యా, మేష్టారూ, ఏం చెప్పాలో తెలియడం లేదు. దీపాల బొమ్మ నేరుగా బోర్డు మీద వేసేస్తాను. మా అమ్మకి చెప్తే ఆవిడకీ అర్థమైంది, ఉత్తరం గోడ అనగానే తల ఊపింది.

ఇంకో రెండు పురుగులు తొలుస్తున్నాయి. గది ఉష్ణోగ్రత దగ్గర వేడి శక్తి 25 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టులు. గ్రాఫీన్‌కి అంటుకున్న స్పిన్-ఆర్బిట్ ఒక్కటే. పాతిక రెట్ల వేడి ముందు ఇది నిలబడుతుందా? ఇంకా, ఏ కోణంలో పరిచామన్నది ముఖ్యం అని ఒక చోట చదివాను. రెండూ అతుక్కునే ఉన్నప్పుడు కోణంతో పనేమిటి?


పడుగుపేక:

మొదటిది చాలా మంచి ప్రశ్న, మా గైడ్ నన్ను అడిగితే నేను రెండు రోజులు తీసుకున్నాను. వేడి చంపేది బ్యాండుల మధ్య ఖాళీ మీద ఆధారపడ్డ వాటిని. 2005లో కేన్, మేల్ గ్రాఫీన్‌లో క్వాంటమ్ స్పిన్ హాల్ (రేకు అంచుల వెంటే స్పిన్ ప్రవహించే స్థితి) ఉంటుందన్నారు. దానికి బ్యాండు మధ్య ఖాళీ కావాలి. గ్రాఫీన్‌లో ఆ ఖాళీ మరీ చిన్నది, వేడి దాన్ని కప్పేస్తుంది. ఎడెల్‌స్టైన్‌కి ఖాళీతో పనిలేదు. వేడి వల్ల నడిచే జనం వేగాలు కాస్త ఎగుడుదిగుడు అవుతాయి, ఎవరు ఏ చేత్తో దీపం పట్టుకున్నారన్నది మారదు. కాబట్టి సిగ్నల్ తగ్గుతుంది గానీ పోదు. న్యూట్రల్ పాయింట్ దగ్గరి ఆ ఇరుకు సందు మాత్రం గది ఉష్ణోగ్రతలో అలుక్కుపోతుంది, ఎలక్ట్రాన్లూ హోల్సూ కలిసిపోతాయి.

కోణం గురించి. పల్చటి పట్టు బట్టలు రెండు ఒకదాని మీద ఒకటి వేసి కాస్త తిప్పు, నీళ్ల అలల్లాంటి గీతలు వస్తాయి. మా ఇంట్లో చిన్నప్పుడు అదే ఆట. రెండు పొరల అణువుల వరసలు ఎలా కలుస్తాయన్నది కోణాన్ని బట్టి మారుతుంది. గ్రాఫీన్ గడి 0.246 నానోమీటర్లు, టంగ్‌స్టన్ డైసెలెనైడ్‌ది సుమారు 0.33. ఎలాగూ కలవవు. కానీ గ్రాఫీన్ ఎలక్ట్రాన్ పక్క పొరలో ఏ బ్యాండుని, ఏ మొమెంటం దగ్గర తాకుతుందో కోణమే నిర్ణయిస్తుంది. సరిగ్గా 30 డిగ్రీలు తిప్పితే సిమెట్రీ వల్ల వ్యాలీ-జీమన్ సున్నా అవుతుంది. అంటే నిటారుగా లాగేది పోతుంది, రష్బా మాత్రం మిగులుతుంది. సున్నాకీ ముప్పైకీ మధ్య కోణాల్లో ఇంకో వింత ఉంది. స్పిన్ ఎలక్ట్రాన్ దారికి సరిగ్గా లంబంగా ఉండదు, దారి వైపుకి కొంత ఒరుగుతుంది. ఎడమ చేయి పక్కకి కాకుండా కాస్త ముందుకి చాచినట్టు. అప్పుడు కరెంటు పోయే దిక్కుకే స్పిన్ రావొచ్చు. 2019లో లీ, కోషినో ఈ కోణాల లెక్క వేశారు. ఈ ఒరగడాన్ని 2024లో శాన్ సెబాస్టియన్ వాళ్లు టంగ్‌స్టన్ డైసెలెనైడ్ మీద కోణాలు మార్చి కొలిచారు. నీ స్లైడ్లలో ఇది లేకపోతే ఒకటి కలుపు, ఇప్పుడు అందరి చూపూ దాని మీదే.

మన ఊరి గాలిలో మాత్రం ఈ పని పెట్టుకోకు. సముద్రం పక్క తడికి టేపు మీంచి రేకు దిగదు. ఎలా ఉంటుందో కళ్లారా చూడాలంటే బరంపురం దగ్గర లౌడిగాంలో ఐసర్ (సైన్స్ చదువు, పరిశోధనల కేంద్ర సంస్థ) ఉంది, భువనేశ్వర్‌లో ఐఓపీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్) ఉంది. ఓపెన్ డే ఉన్నప్పుడు వెళ్లి ఒకసారి ల్యాబులు చూడు.


మహేంద్రతనయ:

సెమినార్ నిన్న అయిపోయింది. ఆ సార్ మళ్లీ వచ్చారు. రెండో స్లైడ్, ఐదో స్లైడ్ కలిపి ఒక్కటే స్లైడ్ చేశాను. కప్పిన చోటు, కప్పని చోటు అని రెండు రంగుల్లో గీశాను. ఆయన చాలాసేపు చూసి, ఈసారి వేరేది అడిగారు. "ప్లాటినం కరెంటుని స్పిన్‌గా బాగానే మారుస్తుంది కదా, ఇన్ని పొరలు పేర్చే తిప్పలెందుకు?" అన్నారు. నాకు సగమే తెలుసు. ప్లాటినం గుర్తు గేట్‌తో తిప్పలేం అన్నాను. "ఇంకా?" అన్నారు. ఊరుకున్నాను. నూటికి 82 వేశారు.


పడుగుపేక:

చెప్పిన సగమూ సరైన సగమే. మిగతా సగం ఏమిటంటే, ప్లాటినంలో స్పిన్ కొన్ని నానోమీటర్లు దాటి బతకదు. పుట్టించినంత వేగంగానూ మింగేస్తుంది, కాబట్టి వెంటనే పక్క పొరకి అందించేయాలి. కొత్త రకం మెమరీలకి అయస్కాంత పొర దాని మీదే ఆనించి ఉంటుంది, అక్కడ అది పనికొస్తుంది. గ్రాఫీన్‌లో కప్పిన చోట పుట్టింది కప్పని చోటికి దాటితే మైక్రాన్లు పోతుంది. బోరాన్ నైట్రైడ్ (కరెంటు పోనివ్వని నున్నటి పొర పదార్థం) మధ్య భద్రంగా మడిచిన గ్రాఫీన్‌లో 30 మైక్రాన్ల దాకా పోయిందని 2016లో జర్మనీలోని ఆఖెన్ వాళ్లు చూపించారు. ఒక చోట పుట్టించి ఇంకో చోట వాడాలంటే ప్లాటినంతో కుదరదు.


రాయగడ మేష్టారు:

82 తక్కువేం కాదమ్మా. ఆ కలిపిన స్లైడ్ ఫొటో ఒకటి ఇక్కడ పెట్టు. దీపాలు ఏ చేతిలో గీశావో నాకు చూడాలని ఉంది.


మహేంద్రతనయ:

పెడతాను మేష్టారూ. పడమటి వరసలో ఒకడికి మాత్రం పొరపాటున కుడి చేతిలో గీశాను. ఎవరూ కనిపెట్టలేదు. వాడు రెండో బ్యాండు వాడని చెప్పుకోవచ్చు కదా అన్నయ్యా?